తొమ్మిదో అంతస్తు

లా పాజ్‌లో దిగిన రాత్రి
ఊపిరి నాకు చిల్లరలా వచ్చింది,
లెక్క చూసుకున్న ప్రతిసారీ ఓ రూపాయి తక్కువ.

"మెల్లగా నడవాలి, కొంచెమే తినాలి,
ఒంటరిగా పడుకోవాలి.
ఇదే మా ఊరి వైద్యం" అంది గైడు ఎవులాలియా.
మూడోది నాకు పదకొండేళ్ళుగా అలవాటేనన్నాను.
ఆ హాస్యం ఇంగ్లిషులోంచి స్పానిష్‌లోకి వెళ్ళి
నవ్వై తిరిగొచ్చేసరికి
కోకా ఆకుల టీ చల్లారిపోయింది.

ఆరుగురం.
నార్వే నుంచి పళ్ళ డాక్టరు యోరున్,
ఒకరి ఫొటోలు ఒకరు తీసుకుంటూ
ఒక్క మాటా ఆడుకోని మిలాన్ దంపతులు,
పందెం ఓడి వచ్చిన ఒసాకా కుర్రాడు,
నైరోబీలో బీమా అమ్మే వంజాలా.
చస్తే మాకు సంబంధం లేదన్న కాగితాన్ని
చివరిదాకా చదివి సంతకం పెట్టింది అతనొక్కడే.
ఇంకా నేను.
మలుపు మలుపుకీ ఎవులాలియా మమ్మల్ని లెక్కపెట్టేది,
కోడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు,
వేలితో కాదు, గడ్డంతో.

మూడో రోజు పొద్దున పదకొండింటికి
పదిహేడో అంతస్తు కిటికీ తీశారు.
పైన హోటలు, కింద ఆఫీసులు, మధ్యలో గాలి.
నడుముకి తాడు.
నెత్తిన ఎర్ర హెల్మెట్టు, లోపల ఎవరిదో ఆరని చెమట.
"గోడని చూడు. కిందకి చూడకు.
వెనక్కి అసలే తిరగకు."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నానని
ఎన్నిసార్లు అనుంటానో,
పరీక్షలకీ, ఇంటర్వ్యూలకీ, ఉత్తపుణ్యానికీ.
అరచేతిలో నిజంగా ఉండేది
తాడు.
కొంచెం గరుగ్గా, కొంచెం వెచ్చగా.

పదహారు. కర్టెన్.
పదిహేను. మళ్ళీ కర్టెన్.
పన్నెండు దగ్గర మోకాలు గోడకి కొట్టుకుని
అమ్మని పిలిచాను,
ఏ భాషలోనో చెప్పక్కర్లేదు.

తొమ్మిది దగ్గర తాడు బిగుసుకుంది.
పైన ఏదో సర్దుతున్నారట.
అద్దం అవతల ఒకావిడ
కాగితాలకి ముద్రలు కొడుతోంది.
నల్ల శాలువా, రెండు జడలు,
పక్కన సగం కొరికిన సాల్తేన్యా,
రసం కారకుండా కప్పులో నిలబెట్టి.
తలెత్తింది.
కిటికీకి వేలాడే మనిషిని
నిన్నా మొన్నా కూడా చూసినట్టే చూసింది.
నేను నవ్వాను. గాల్లో ఉన్నవాళ్ళు ఇంకేం చేస్తారు.
ఆవిడ నవ్వలేదు.
ముద్ర పక్కన పెట్టి, లేచి వచ్చి,
ఉంగరంతో అద్దం మీద టక్ టక్ కొట్టి
నా భుజం మీదుగా చూపించింది,
క్లాసులో పరధ్యానంగా ఉన్న పిల్లకి చూపించినట్టు, విసుగ్గా:
అటు.
ఇటు కాదు. అటు.

తిరిగాను.
ఇలిమాని.
ఊరంతా ఇటుక రంగులో
గిన్నె అంచుల దాకా ఎగబాకి నిలబడితే
ఆ అంచు అవతల, మంచుతో,
ఎవరూ అడక్కపోయినా అక్కడే ఉంది కొండ.
దాని ముందు నుంచి కేబుల్ కార్లు
పసుపు పూసల్లా జారుతున్నాయి.
డబ్బు కట్టి, సంతకం పెట్టి, పదిహేడు అంతస్తులెక్కి
నేనింతసేపూ చూస్తున్నది
వెల్లవేసిన గోడని.

పైనుంచి కేక. తాడు వదులైంది.
ఆవిడ అప్పటికే కుర్చీలో ఉంది.

కింద, చారల గుర్రం వేషంలో బళ్ళాపే కుర్రాడు
తోకతో సలాం కొట్టాడు.
ఆరు, అంది ఎవులాలియా గడ్డం.
మిలాన్ ఆవిడ భర్తతో ఏదో అంది, అతను ఏడ్చాడు.
దాన్ని మాకెవరూ తర్జుమా చెయ్యలేదు.

మర్నాడు వాళ్ళంతా
సైకిళ్ళ మీద కొండ దిగడానికి వెళ్ళారు.
నేను లిఫ్టెక్కి తొమ్మిదికి వెళ్ళాను.
టోకెన్ నలభై మూడు.
గంటన్నర తర్వాత ఆవిడ ఎదుట కూర్చున్నాను.
హెల్మెట్టు లేని నన్ను గుర్తుపట్టలేదు.
కాగితం కోసం చెయ్యి చాచింది.
నా దగ్గర కాగితం లేదు.
కిటికీ వైపు చూపించాను.

బయట మబ్బు. కొండ లేదు.

ఆవిడ అటు చూసి, నన్ను చూసి,
కాసేపు ముద్ర గాల్లోనే పట్టుకుని,
"మాన్యానా" అంది.
రేపు రమ్మని.
ఆఫీసుల్లో ఆ మాట నాకు ఏ భాషలోనైనా తెలుస్తుంది,
ఒక కొండ తరఫున వినడం మాత్రం ఇదే మొదలు.

నలభై నాలుగు, అని పిలిచింది.